రాణిగారి కొప్పు

వెండి వస్తువు చేతికిస్తే అందరూ మూత తీసి లోపల ఏముందో చూస్తారు. మేము ముందు బోర్లించి అడుగున కొట్టిన ముద్రలు చూస్తాం. ఒక పెళ్ళిలో ఎవరో వెండి గ్లాసుతో మంచినీళ్ళిస్తే, తాగడం మానేసి అడుగు చూద్దామని వంచి పట్టుచీర తడుపుకున్నదాన్ని నేను. రాజమండ్రిలో ఒక ట్రస్టువాళ్ళు నడిపే చిన్న మ్యూజియంలో నా ఉద్యోగమంతా గడిచింది. పాత వెండి, కంచు, ఇత్తడి సామాను ఎక్కడిదో, ఏ కాలానిదో తేల్చడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి, "మేడం, ముద్ర ఫోటో పంపాను, ఏ దేశందో చెప్పండి" అంటారు. తెలిస్తే చెబుతాను. కానీ ముద్ర ఏ దేశందో తెలిసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదని నాకు తెలిసొచ్చిన రోజు ఒకటుంది. మీకోసం అది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అందులోవాళ్ళు ఇంకా ఒకే ఊళ్ళో, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బతుకుతున్నారు.

నేను రిటైరయ్యే ముందు ఏడాది, గోదావరి జిల్లాల ఇళ్ళలోని పాత పూజసామానుతో ఒక ప్రదర్శన పెట్టాలనుకున్నాం. భీమవరం దాటి మొగల్తూరు వెళ్ళే వైపు ఒక ఊళ్ళో, చేపల చెరువులున్న పెద్ద కుటుంబం తమ కుంకుమ భరిణె ఇస్తామని కబురు చేసింది. చుట్టుపక్కల దాన్ని లండన్ భరిణె అంటారట. నేనూ, మా కెమిస్టూ వెళ్ళాం. అతను చేరి ఎన్నాళ్ళో కాలేదు. చురుకైనవాడు, బుద్ధిమంతుడు, కాకపోతే మనసులోకి వచ్చిన మాట నోట్లోకి రాకుండా ఆపే గొళ్ళెం అతనికి దేవుడు పెట్టలేదు.

భరిణె తెచ్చి నా చేతిలో పెట్టారు. అరచేతిలో పట్టేంత గుండ్రటి వెండి డబ్బా. మూత మీద ముదురు నీలం మీనా. మీనా అంటే గాజుపొడిని వెండి మీద కరిగించి పట్టించే రంగు. ఆ నీలం అడుగున వెండి మీద సన్నటి అలల గీతలు చెక్కి ఉన్నాయి. కాస్త వంచితే కాలవలో నీళ్ళు కదిలినట్టు కదిలేవి. ఇన్ని తరాల కుంకుమ తగిలినా రంగు చెక్కుచెదరలేదు. ఆ ఇంటికి వచ్చిన ప్రతి కోడలికీ మొదటి బొట్టు అందులోంచే పెడతారు.

ఇంటి పెద్దాయన తనే భరిణె బోర్లించి చూపించాడు. "మా ముత్తాతగారికి కాలవలు తవ్వించిన దొర ఇచ్చాడండి. ఇదిగో, సింహం. పక్కన ఇంగ్లండు రాణిగారి తల. కొప్పు కూడా కనిపిస్తుంది చూడండి. చిన్నప్పుడు మా తాతగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించేవారు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అంత మీసాల మనిషి ముఖం పసిపిల్లాడి ముఖంలా అయింది.

నేను భూతద్దం పెట్టి చూశాను. సింహం ఉంది. కందిగింజంత తల ఉంది. పక్కన అరిగిపోయిన అక్షరమేదో ఉంది. ఇంగ్లండు వెండికి ఏ ఊళ్ళో పరీక్ష చేశారో చెప్పే గుర్తు కూడా ఉండాలి. అది కనిపించలేదు. ఏదో తేడాగా అనిపించింది, తేలాక చెబుదామనుకున్నాను. ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకున్నాను.

మా కెమిస్టు ఈలోగా తన మిషను తీశాడు. పిస్తోలులా ఉంటుంది. వస్తువుకి ఆనించి మీట నొక్కితే అందులో వెండి ఎంత, రాగి ఎంత అని తెర మీద చూపిస్తుంది. అతను భరిణె అడుగుకి ఆనించాడు. మళ్ళీ ఆనించాడు. హాలంతా వినబడేలా అన్నాడు: "మేడం, ఎనభై మూడే వస్తోందండి! ఇంగ్లీషు వెండి అయితే తొంభై రెండున్నర ఉండాలి కదా?"

అతని కాలు తొక్కుదామంటే నా కాలు అందలేదు.

"అంటే ఏంటండి?" అన్నాడు పెద్దాయన.

"అంటే ఇది లండన్ వెండి కాదండి" అన్నాడు మావాడు, పాఠం అప్పజెప్పినట్టు.

అతను చెప్పింది నిజమే. ఆయన విన్నది వేరు. ఇది మా భరిణె కాదు, ఎవరో మార్చేశారు, అని ఆయనకి వినబడింది. పూజగది గుమ్మం వైపు తల తిప్పాడంతే. అక్కడ తోమిన దీపపు కుందులు పళ్ళెంలో పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఆ ఇంట్లో పూజసామాను తోమి, సర్ది, తాళం వేసేది ఆవిడే. పెద్దాయన పెళ్ళయిన కొన్నేళ్ళకి చేరింది, అప్పటినుంచీ పూజగది తాళాలు ఆవిడ బొడ్లోనే ఉన్నాయి. హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఆయన చూసిన వైపే చూశారు. ఆవిడ కుందుల పళ్ళెం గడప మీద దించింది.

నేను వెంటనే, "ఉండండి, ఇంకా ఏమీ తేలలేదు, భరిణె నాతో పంపండి, బాగా పరీక్ష చేసి చెబుతాను" అన్నాను. ఆయన పంపలేదు. అసలుదే పోయింది, దీన్ని కూడా బయటికి పంపమంటారా అన్నట్టు చూసి, తన బీరువాలో పెట్టుకుని తాళం వేసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో పాలకొల్లు దాకా నేను మా కెమిస్టుతో మాట్లాడలేదు. పాలకొల్లు దాటాక మాట్లాడాను. ఆ మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

రెండు రోజులకే మా డైరెక్టరు గారు నన్ను పిలిచారు. పెద్దాయన ఫోన్ చేశాడట. భరిణె లండన్‌ది కాదని మ్యూజియం కాగితం మీద రాసివ్వాలట. పోలీసుల దగ్గరికి వెళ్తే ఇంటి పరువు బజార్న పడుతుందని, తెల్లారి ఆవిణ్ణి పట్టిసీమ తీసుకెళ్ళి వీరభద్రుడి ముందు ప్రమాణం చేయిస్తున్నాడు. ఆ కాగితం ముందు ఆవిడకి చూపిస్తాడట.

"రాసిచ్చెయ్యమ్మా. నిజమే కదా?" అన్నారు డైరెక్టరు గారు.

"నిజమే సార్. అదే వచ్చిన చిక్కు."

"నిజం రాయడానికి చిక్కేంటి?"

"అది లండన్‌ది కాదని మాత్రమే రాస్తే ఆవిడ దొంగ అని రాసినట్టే సార్. ఎక్కడిదో కూడా తేలేదాకా నేను సంతకం పెట్టను."

ఆయన మంచివారే. గొడవలంటే భయం, ఆ కుటుంబం మ్యూజియానికి మొదటినుంచీ అండగా ఉన్న కుటుంబం. "రేపు పొద్దుటిలోగా తేల్చు మరి" అని తలుపు వైపు చూపించారు.

ప్రమాణమంటే మీకు చిన్న విషయంలా అనిపించవచ్చు. తప్పు చెయ్యనిది ఒట్టేస్తే పోయేదేముంది అనుకుంటారు. పోయేది చాలా ఉంది. ప్రమాణం అయ్యాక ఊరు ఊరుకోదు, ఎదురు చూస్తుంది. ఒట్టేసిన మనిషి ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, చూడిగేదె ఈసుకుపోయినా, చూశావా అంటుంది. ఆవిడ కూతురు పురిటికి వచ్చి ఇంట్లోనే ఉందని మా డ్రైవరు ఆ ఊరి టీకొట్టు దగ్గర విని వచ్చాడు. రేపు ఆ పురిట్లో ఏ చిన్న తేడా జరిగినా అది తల్లి దొంగ ఒట్టు వెయ్యడం వల్లే అంటారు.

ఆ మధ్యాహ్నమంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటోలు పెద్దవి చేసి చూశాను. సింహాన్ని వదిలేసి రాణిగారి తల మీద పడ్డాను. ఎంతసేపు చూసినా కొప్పు నచ్చలేదు. ఆడవాళ్ళ కొప్పు ఎక్కడుంటుంది? మెడ వెనక. ఈవిడది నడినెత్తిన మొదలై నుదుటి మీదికి ఒరిగింది. ఏ రాణీ అలా ముడేసుకోదు. మా కెమిస్టు వెనక నిలబడి, ఈసారి మెల్లగా, "మేడం, అది టోపీలా లేదూ?" అన్నాడు.

టోపీ కాదు, యుద్ధంలో పెట్టుకునే ఇనప శిరస్త్రాణం. దాని మీద కుచ్చు. శిరస్త్రాణం పెట్టుకున్న దేవత తల హాలెండులో వెండి పరీక్ష చేసే కచ్చేరీల గుర్తు. వాళ్ళకీ నడిచే సింహం ఉంది. ఇంగ్లండు సింహానికీ దీనికీ తేడా కాళ్ళ కింద ఉంటుంది. మేలిరకం వెండికి వాళ్ళు వేరే సింహం కొడతారు. రెండో రకానికి కొట్టే ఈ నడిచే సింహం కింద చిన్న రెండు అంకె ఉంటుంది. ఆ రెండో రకంలో వెండి ఎంతనుకున్నారు? నూటికి ఎనభై మూడు చిల్లర.

మిషను తప్పు చెప్పలేదు. భరిణె కూడా కల్తీది కాదు. అది ఎంత ఉండాలో అంతే ఉంది. అయితే ఫోటోలో సింహం కాళ్ళ కింద నున్నగా ఉంది. రెండు అంకె లేదు. ఏటవాలు వెలుతురులో భరిణెనే చూడాలి.

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాం. మాఘమాసం చలి. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద మంచుకి ముందు లారీ కూడా కనబడలేదు. డ్రైవరు నెమ్మదిగా పోతుంటే నాకు ప్రాణం కొట్టుకుపోతోంది. మేము చేరేలోగా వాళ్ళు పట్టిసీమకి బయల్దేరిపోతే, దారిలో ఆపి భరిణె బోర్లించమంటే ఎవరు వింటారు?

"మేడం, నా నోరే..." అని మొదలుపెట్టాడు మా కెమిస్టు.

"నోటి సంగతి తరవాత. టార్చి తెచ్చావా?"

"తెచ్చానండి."

"ఇవాళ నేను చెప్పేదాకా పెదవి విప్పావంటే, నిన్ను గోదాట్లో దింపేసి వెళ్తాను."

మేము వెళ్ళేసరికి వాకిట్లో కారు సిద్ధంగా ఉంది. కారు పక్కన ఆవిడ నిలబడి ఉంది. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ప్రమాణానికి వెళ్ళే మనిషి ఇంటి ముంగిట తలారా స్నానం చేసి, ఆ తడిబట్టలతోనే బయల్దేరాలట. అక్కడ మళ్ళీ గోదావరిలో మునిగి గుడి మెట్లెక్కాలి. చలికి ఆవిడ దవడలు కొట్టుకుంటున్నాయి. చుట్టూ పదిమంది పొడిబట్టలు కట్టుకుని నిలబడి చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కాగితం తెచ్చారా అండి?" అన్నాడు పెద్దాయన.

"తెచ్చాను. రాసే ముందు భరిణె ఒక్కసారి చూడాలి. చూడకుండా సంతకం పెట్టను."

ఆయన గడియారం వంక చూసుకున్నాడు. వర్జ్యం రాకముందే బయల్దేరాలన్నాడు. మనసులో ఇష్టం లేకపోయినా బీరువా తీసి తెచ్చాడు. అరుగు మీద తెల్లటి తువ్వాలు పరిచి భరిణె బోర్లించాను. మా కెమిస్టు టార్చిని పక్కనుంచి, దాదాపు వెండికి సమాంతరంగా పట్టుకున్నాడు. ముద్రల అంచులకి నీడలు లేచాయి. భూతద్దంలో సింహం కాళ్ళు చూశాను. నున్నటి వెండి. టార్చి కాస్త జరపమన్నాను. ఇంకాస్త. అప్పుడు కనిపించింది. అంకె మొత్తం కాదు, దాని అడుగు గీత, పైన వంపులో ఒక ముక్క. ఇన్నేళ్ళు విభూతితో తోమి తోమి అరగదీసిన రెండు అంకె.

మా కెమిస్టుకి కూడా కనబడింది. నోరు తెరిచాడు. నేను చూశాను. మూసుకున్నాడు.

లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను. ఇది దొంగవెండి కాదు, కొత్తది కాదు, మన దగ్గర ఎవరో చేసిన నకలు కాదు. ఇది హాలెండులో తయారై, అక్కడ పరీక్ష చేసి ముద్ర కొట్టిన పాత వస్తువు. మీరు రాణి అనుకున్నది రాణి కాదు, కొప్పు కొప్పు కాదు. ఎనభై మూడు ఉండాల్సిన చోట ఎనభై మూడే ఉంది. చెబుతూ ఆవిడ వైపు చూశాను. ఆవిడకి ఏమీ అర్థమైనట్టు లేదు కానీ నా గొంతులో సంతోషం పట్టుకున్నట్టుంది, కళ్ళెత్తి చూసింది.

పెద్దాయన మర్యాదగా చివరిదాకా విన్నాడు. "అయితే ఇది హాలెండుదని మీరు ఖాయంగా చెబుతున్నారు."

"ఖాయంగానండి."

"మాది లండన్‌దండి. నాలుగు తరాలుగా లండన్‌దే. ఇది హాలెండుదని మీరే తేల్చారు కదా. మరి మాదేదండి?"

నేను తెచ్చిన సాక్ష్యం నా చేతుల్లోనే తిరగబడింది. రాత్రంతా దాన్ని పట్టుకుని పొంగిపోయాను గానీ, ఈ ఒక్క ప్రశ్న వస్తుందని నాకు తట్టనే లేదు. ఆవిడ మళ్ళీ తల దించుకుంది. ఇవాళ మేము రాకపోతే కల్తీ భరిణె అనే అనుమానమే ఉండేది. ఇప్పుడు ఎక్కడిదో తెలిసిన వేరే భరిణె అయింది.

"మీరు పొరపాటు పడి ఉండొచ్చు కదండి. మొదటినుంచీ ఇదే అయి ఉండొచ్చు" అన్నాను.

"పొరపాటా?" ఆయనకి మొదటిసారి కోపం వచ్చింది. "రాణిగారంటే మా ఇంట్లో ఆషామాషీ అనుకున్నారా? ప్రతి కోడలికీ బొట్టు పెట్టాక, పసుపుముద్ద మీద ఈ భరిణె అడుగు అద్ది రాణిముద్ర వేస్తామండి. రాణిలా బతకాలని. మా ఆవిడకీ వేశారు. నేను పక్కనే కూర్చున్నాను."

పెళ్ళినాటి ముద్ర పసుపులో ఉంటే అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? "ఆ పసుపుముద్దలు ఏం చేస్తారండి?"

"పదహారు రోజుల పండగ అయ్యాక కాలవలో కలిపేస్తారు. ఇంట్లో ఉంచకూడదు."

ఆ దారీ మూసుకుపోయింది. ఆయన కారు తలుపు తీశాడు. ఆవిడ తడికాళ్ళతో ఒక అడుగు వేసింది. అప్పుడు నా వెనక గుమ్మంలో గాజుల చప్పుడైంది. ఆయన భార్య. మొదటిరోజు నుంచీ ఆవిడ ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. "ఒక్క నిమిషం ఉండండి" అని లోపలికి వెళ్ళింది.

తిరిగి వచ్చేటప్పటికి చేతిలో పాత జాకెట్టుగుడ్డలో చుట్టిన చిన్న మూట ఉంది. నా ముందు తువ్వాలు మీద పెట్టి విప్పింది. ఎండి రాయైపోయిన పసుపుముద్ద. ఒక పక్క బీటలు వారింది. మీద మూడు గుర్తులు.

"కాలవలో కలపలేదా?" అన్నాడు పెద్దాయన.

"లేదండి." ఆవిడ ముద్ద అంచు వేలితో తడిమింది. "మా అమ్మ నూరిన పసుపండి అది. పెళ్ళయిన నెలకే అమ్మ పోయింది కదా. మీ అమ్మగారు కలిపెయ్యమన్నారు. కలిపానని చెప్పాను. నాకు చేతులు రాలేదు. ఇన్నాళ్ళూ పట్టుచీరల అడుగున దాచుకున్నాను."

"మీ పెళ్ళినాటికి ఈవిడ పనిలో చేరిందా అమ్మా?" అని తడిబట్టల ఆవిణ్ణి చూపించి అడిగాను. సమాధానం తెలిసే అడిగాను. పదిమందిలో ఇంటావిడ నోటితో రావాలి.

"లేదండి. మా పెద్దవాడు పుట్టాక చేరింది."

"నాకు కొంచెం కొత్త పసుపు ముద్ద చేసి తెండి" అన్నాను. ఇంటావిడే తడిపి, మెత్తగా పిసికి తెచ్చింది. ఆ ఇంటి ఆచారం ఎలా చేస్తారో అలాగే భరిణె అడుగుని దానిమీద అద్దమన్నాను. ఆవిడే అద్దింది. పాతముద్ద పక్కన కొత్తముద్ద పెట్టాను.

ఇక్కడ మీకు పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. ఈ ముద్రలు సుత్తితో ఒక్కొక్కటీ చేత్తో కొడతారు. ఒకే ఉలితో కొట్టినా రెండు వస్తువుల మీద ముద్రల మధ్య ఎడం, వంపు ఒక్కలా పడవు. ఈ భరిణె కొట్టినవాడి చెయ్యి కాస్త జారింది. దేవత తల ముందుకి తూలి, సింహం తోకని దాదాపు తాకుతోంది. కొత్త పసుపులో అలాగే తూలింది. పాత పసుపులోనూ అలాగే తూలింది. ఎండి ముడుచుకున్నా ఆ తూలు పోలేదు. ఒక్క తేడా ఉంది. కొత్తముద్దలో సింహం కాళ్ళ కింద ఏమీ లేదు. పాతముద్దలో రెండు అంకె, అద్దంలోలా తిరగబడి, నిండుగా పడి ఉంది.

భూతద్దం పెద్దాయన చేతికిచ్చాను. "కొప్పు చూడండి" అన్నాను.

ఆయన అరుగు మీద చతికిలబడ్డాడు. ముందు పాతముద్ద చూశాడు, తరవాత కొత్తది, తరవాత భరిణె. మళ్ళీ మొదటినుంచి చూశాడు. చివరికి భూతద్దం దింపి, "మా తాతగారు చూపించిన కొప్పే" అన్నాడు. మీసాలు అదురుతున్నాయి. ఆ మనిషి మీద అంతసేపూ రగిలిపోయిన నాకు, ఆ క్షణాన జాలేసింది. తాత ఒళ్ళో కూర్చుని చూసిన రాణి ఆయనకి పోయింది, వాకిట్లో ఒక మనిషిని తడిబట్టలతో నిలబెట్టిన తప్పు మాత్రం మిగిలింది.

మా కెమిస్టు నా చెవి దగ్గర, "ఇప్పుడు మాట్లాడొచ్చా మేడం?" అన్నాడు. వద్దన్నాను.

పాలకొల్లులో, నరసాపురంలో ఒకప్పుడు డచ్చివాళ్ళు, అంటే హాలెండువాళ్ళు, వ్యాపారం చేశారు కాబట్టి భరిణె వాళ్ళే ఇచ్చారని తరవాత ఎవరో పేపర్లో రాయబోతే నేను అడ్డం పడ్డాను. ముద్ర ఎక్కడ పరీక్ష చేశారో చెబుతుంది. ఎవరు ఎవరికిచ్చారో, ఏ ఓడలో వచ్చిందో చెప్పదు. దొరే కొని ఇచ్చి ఉండొచ్చు. తెలియనిది తెలియదని రాయడం కూడా మన పనిలో భాగమే, మీరు మర్చిపోకండి.

ఆ రోజు ఇంకా అయిపోలేదు. పెద్దాయన లేచి తడిబట్టల ఆవిడ ముందు నిలబడ్డాడు. "లోపలికెళ్ళి బట్టలు మార్చుకో అమ్మా, తాళాలు నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. ఆ ఇంట్లో అది క్షమాపణే.

ఆవిడ బొడ్లోంచి తాళాలగుత్తి తీసింది. ఇంటావిడ చేతికి ఇవ్వకుండా, భరిణె ఉన్న తువ్వాలు మీద పెట్టింది. "వద్దు బాబుగారూ. తడిబట్టలతో వాకిట్లో నిలబడ్డాక, మళ్ళీ ఆ గదిలోకి నేను రాలేనండి" అంది. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ నొప్పించింది. వీధిలోకి నడిచి, కాలవగట్టు ఎక్కి, నీళ్ళోడుతూ వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేకపోయారు. ఇంటావిడ మాత్రం లోపలికి పరిగెత్తి ఒక పొడిచీర తెచ్చుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు మీద ఆవిడ వెనకాలే నడిచింది. పిలవలేదు. పిలిస్తే ఆగదని తెలుసు కాబోలు. మా కారు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అలాగే, ఒకరి వెనక ఒకరు కనిపించారు.

ఇంటికొచ్చేదాకా మా కెమిస్టు నిజంగానే మాట్లాడలేదు. వంతెన మీద మాత్రం, "మేడం, మనం వాళ్ళింటికి వెళ్ళకపోతే అసలిదంతా జరిగేదే కాదు కదా" అన్నాడు. నేను కోప్పడలేదు. నేనూ అదే అనుకుంటున్నాను.

ప్రదర్శన పెట్టాం. భరిణె ఇచ్చారు. గాజుబల్లలో భరిణె కింద అద్దం పెట్టి, బోర్లించకుండానే ముద్రలు కనబడేలా అమర్చాం. పసుపుముద్ద కూడా ఇమ్మని ఇంటావిణ్ణి అడిగాను. "అది మ్యూజియానికి కాదండి, అది మా అమ్మ" అంది. రెండోసారి అడగలేదు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం గాజుబల్ల ముందు, తాళాలు వదిలేసి వెళ్ళిన ఆవిడ కనబడింది. పక్కన కూతురు, కూతురు చేతుల్లో పొత్తిళ్ళలో పిల్ల. పిల్ల బొద్దుగా, హాయిగా నిద్రపోతోంది. పురుడు సవ్యంగానే జరిగిందన్నమాట. ఆవిడ నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. కింద అద్దంలో చాలాసేపు చూసింది. సింహాన్ని, దేవతనీ నేను చూపించాను. రెండు అంకె ఎక్కడుండేదో కూడా చూపించి, తోమడం వల్ల అరిగిపోయిందని చెప్పాను. చెప్పాక నాలిక కరుచుకున్నాను.

"నేను తోమిందేనండి" అంది. కుంకుమ మరక ఉంటే అమ్మగారికి నచ్చేది కాదని, శుక్రవారం శుక్రవారం విభూతి పెట్టి తోమేదాన్నని చెప్పింది. చెబుతూ కుడిచేతి బొటనవేలు గాజు మీద తెలియకుండానే గుండ్రంగా తిప్పుతోంది.

"ఇక్కడ ఎవరు తోముతారండి?"

"ఇక్కడ తోమరమ్మా. ముట్టుకోనివ్వం."

ఆవిడ బొటనవేలు ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని, గాజు మీద పడిన మరక చీర చెంగుతో తుడిచింది.

"అయితే ఇంక అరగదులెండి" అంది.